ఫ్రాంజ్ బాప్: అల్పాక్షర పదాలు, తులనాత్మక వ్యాకరణం

పాశ్చాత్య దేశాలలో సంస్కృత వ్యాకరణాధ్యయనానికి శాస్త్రప్రతిపత్తి కల్పించిన వారిలో ఫ్రాంజ్ బాప్ అగ్రగణ్యుడు. తులనాత్మక వ్యాకరణానికి ఆద్యునిగా ఆయన పేరు సుప్రసిద్ధం. ఆ శాస్త్రాన్ని ఆయన ఏ సామగ్రితో నిర్మించాడన్నది ప్రత్యేకంగా పరిశీలింపదగిన విషయం. దేవతల పేర్లు, రాజధర్మానికి సంబంధించిన మాటలు, యజ్ఞపరిభాష వంటి ఘనమైన పదజాలం ఆయన విచారణలో ప్రధానస్థానాన్ని పొందలేదు. ఉనికిని తెలిపే అస్ ధాతువు, తచ్ఛబ్ద కింశబ్దాల వంటి సర్వనామాలు, చ, న మొదలైన నిపాతాలు, ఉపసర్గలు, ఇలా ఒకటి రెండు అక్షరాలకు మించని పదాలే ఆయన శాస్త్రసౌధానికి పునాదిరాళ్లు. ఆయన సాధించిన విజయాలకూ, ఆయన పొందిన ప్రమాదాలకూ మూలం ఈ అల్పాక్షర పదాలలోనే ఉన్నది.

జననం, విద్యాభ్యాసం

బాప్ 1791 సెప్టెంబరు 14న జర్మన్ దేశంలో రైన్ నదీతీరాన ఉన్న మైంట్స్ నగరంలో జన్మించాడు. తండ్రి ఆ సంస్థానపు ప్రభువు కొలువులో చిన్న ఉద్యోగి. ఫ్రెంచి విప్లవానంతర యుద్ధాలలో మైంట్స్ శత్రువుల వశం కాగా ప్రభువు తన ఆస్థానాన్ని అషాఫెన్‌బుర్గ్‌కు తరలించాడు. బాప్ కుటుంబం కూడా ఆయనను అనుసరించింది. ఆ పట్టణంలోనే బాప్ విద్యాభ్యాసం సాగింది. అచ్చట అధ్యాపకుడైన కార్ల్ యోసెఫ్ విండిష్‌మన్ ప్రాచ్యదేశాల తత్త్వచింతన యందు మిక్కిలి ఆసక్తి గలవాడు. శిష్యునిలో భాషాభిరుచిని గుర్తించి, దానిని ప్రాచ్యభాషల వైపు మళ్లించినవాడు ఆయనే.

1808లో ఫ్రెడరిక్ ష్లేగెల్ భారతీయుల భాషను, జ్ఞానాన్ని గురించి వ్రాసిన గ్రంథం వెలువడింది. సంస్కృతానికీ యూరపు భాషలకూ గల సంబంధం పదాలలో కంటె వ్యాకరణ నిర్మాణంలో వెదకదగినదని ష్లేగెల్ ప్రతిపాదించాడు. బాప్ సంస్కృతం నేర్వాలని సంకల్పించడానికి ఈ గ్రంథం ముఖ్యప్రేరణ. అయితే ష్లేగెల్ మరొక మాట కూడా చెప్పాడు. విత్తనంలోనుండి మొలక వచ్చినట్లు సంస్కృతాది భాషలలో విభక్తి రూపాలు ధాతువు లోపలినుండే సహజంగా ఉదయిస్తాయనీ, తక్కిన భాషలలో ప్రత్యయాలు వెలుపలినుండి వచ్చి అతుకుతాయనీ ఆయన మతం. ఈ రెండవ మాటను ఖండించడమే తరువాతి కాలంలో బాప్ జీవితకార్యమైంది.

పూర్వరంగం

సంస్కృత, యూరపు భాషల సాదృశ్యాన్ని మొదట గుర్తించినవాడు బాప్ కాడు. సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చేసిన ప్రసంగం జగద్విదితం. అంతకు పూర్వమే, 1767లో, కర్ణాటక మండలంలో పనిచేసిన ఫ్రెంచి జెసూట్ మతాచార్యుడు కెర్దూ పారిస్‌లోని పండితపరిషత్తుకు ఒక నివేదిక పంపాడు. తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువును కూర్చిన ఈయన మన ప్రాంతపు పరిశోధకులకు విశేషంగా స్మరణీయుడు. ఆ నివేదికలో ఆయన అస్ ధాతువు లట్ రూపాలను లాటిన్ రూపాల సరసన నిలిపి చూపాడు. సంఖ్యావాచకాలను, సర్వనామాలను కూడా పోల్చాడు. కాని ఆ నివేదిక అచ్చుకు రావడానికి నలువది సంవత్సరాలు పట్టింది. 1808లో, అనగా ష్లేగెల్ గ్రంథం వెలువడిన సంవత్సరంలోనే, అది ప్రకటితమైంది.

వీరందరూ సాదృశ్యాన్ని చూపారు. ఆ సాదృశ్యాన్ని రూపం వెంట రూపంగా, ప్రత్యయం వెంట ప్రత్యయంగా విడదీసి పరిశీలించే పద్ధతి అప్పటికి ఏర్పడలేదు.

పారిస్ నివాసం

1812లో బాప్ పారిస్ చేరాడు. సంస్కృత తాళపత్ర, కాగిత ప్రతులు సమృద్ధిగా ఉన్న గ్రంథాలయం ఆ నగరంలో ఉంది. కాని అప్పటికి యూరపు ఖండంలో సంస్కృతానికి ఆచార్యపీఠం లేదు. 1814లో షెజీ పండితుని కొరకు పారిస్‌లో అట్టి పీఠం మొదటిసారిగా ఏర్పడింది. యూరపులో అచ్చయిన సంస్కృత నిఘంటువు లేదు. విల్సన్ నిఘంటువు కలకత్తాలో వెలువడినది 1819లో. కోల్‌బ్రూక్, కేరీ, విల్కిన్స్, ఫార్‌స్టర్ అనే ఆంగ్లేయులు వ్రాసిన వ్యాకరణాలు మాత్రమే ఆధారం. వాటిని ముందుంచుకొని వ్రాతప్రతులతో సరిపోల్చుకుంటూ బాప్ అధికభాగం స్వయంకృషితోనే సంస్కృతం నేర్చాడు. సిల్వెస్త్ర్ ద సాసీ వద్ద అరబ్బీ, పారసీక భాషలను అభ్యసించాడు. నెపోలియన్ పతనం, శత్రుసైన్యాల ప్రవేశం వంటి మహాసంఘటనలు ఆ నగరంలో జరుగుతున్న కాలంలో కూడా ఆయన అధ్యయనానికి అంతరాయం కలుగలేదు.

1816 నాటి గ్రంథం

ఈ కృషికి ఫలంగా 1816లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో బాప్ తొలి గ్రంథం విండిష్‌మన్ పీఠికతో ప్రకటితమైంది. సంస్కృత ఆఖ్యాత పద్ధతిని గ్రీకు, లాటిన్, పారసీక, జర్మానిక భాషల ఆఖ్యాత పద్ధతితో పోల్చి చూపడం దాని ప్రధానవిషయం. రామాయణ భారతోపాఖ్యానాల అనువాదాలు కూడా అందులో ఉన్నాయి. బాప్ వయస్సు అప్పటికి ఇరువదియైదేండ్లు నిండలేదు. తులనాత్మక వ్యాకరణ శాస్త్రం ఈ గ్రంథంతోనే ప్రారంభమైనదని విద్వాంసుల నిర్ణయం.

గ్రంథానికి కేంద్రం అస్ ధాతువు. సంస్కృతంలో అస్తి అనే రూపానికి గ్రీకులో ఎస్తి, లాటిన్‌లో ఎస్ట్, గోథిక్‌లో ఇస్త్ సమానాలు. జర్మన్ భాషలోని ఇస్ట్, ఆంగ్లంలోని ఈజ్ దాని నేటి రూపాలు. తరువాతి గ్రంథాలలో బాప్ దీనికి లిథుయేనియన్ ఎస్తిని, ప్రాచీన స్లావిక యెస్తిని కూడా చేర్చాడు. ఉత్తమపురుషలో అస్మి, ఎయిమి, సుమ్, ఇమ్, ఎస్మి రూపాలు వరుసగా సంస్కృతం, గ్రీకు, లాటిన్, గోథిక్, లిథుయేనియన్ భాషలలోనివి. ఆంగ్లంలోని ఆమ్ కూడా వీటి బంధువే. బహువచనంలో సంతి అనునది లాటిన్‌లో సుంట్, గోథిక్‌లో సింద్, జర్మన్‌లో జిండ్. ఏకవచనంలో ఉన్న ధాత్వకారం ద్వివచన బహువచనాలలో లోపించడాన్ని పాణిని సూత్రించాడు. ఆ లోపానికి సమానమైన మార్పు లాటిన్, జర్మానిక భాషలలోను కనిపించడం యాదృచ్ఛికం కాజాలదు.

మరొక విశేషం కూడా ఇక్కడ గమనార్హం. ఆర్ధధాతుక ప్రత్యయాలు పరమైనప్పుడు అస్ స్థానంలో భూ ధాతువు ఆదేశమవుతుందని పాణినీయం. లాటిన్‌లో వర్తమానం సుమ్ కాగా భూతకాలం ఫుఇ. ఈ ఫు అనునది భూ ధాతువే. జర్మన్‌లో ఇస్ట్ పక్కన బిన్, ఆంగ్లంలో ఈజ్ పక్కన బీ నిలిచి ఉన్నాయి. అర్థంలో సమీపమైన రెండు ధాతువులు ఒకదాని లోటును మరొకటి పూరించే ఈ ఏర్పాటు దూరదేశాలలోని భాషలలో ఇంత సన్నిహితంగా కనిపిస్తుంది.

ఇంతటితో బాప్ ఆగలేదు. ప్రతి వాక్యంలోను కర్త, గుణం, ఆ రెండింటిని కలిపే ఉనికి అనే మూడు అంశాలుంటాయని నాటి తర్కశాస్త్రం బోధించేది. అట్లయితే ప్రతి ఆఖ్యాతంలోను ఉనికిని తెలిపే అస్ ఎక్కడో దాగి ఉండవలెనని బాప్ ఊహించాడు. సమర్థుడగుచున్నాడు అనే అర్థం గల లాటిన్ పోతెస్ట్ రూపంలో ఎస్ట్ స్పష్టంగానే కనిపిస్తున్నది. సంస్కృతంలో లృట్ ప్రత్యయమైన స్యతిలోని సకారం, లుఙ్‌లోని సిచ్, గ్రీకు భవిష్యద్భూత రూపాలలోని సకారం కూడా ఈ అస్ ధాతువు శేషాలే అని ఆయన సిద్ధాంతీకరించాడు. మి, సి, తి అనే పురుషప్రత్యయాలు ఉత్తమ, మధ్యమ, ప్రథమ పురుష సర్వనామాల సంక్షిప్తరూపాలని ప్రతిపాదించాడు. ధాతువు లోపలినుండి విభక్తి మొలుస్తుందన్న ష్లేగెల్ మతానికి ఇది ప్రత్యక్షఖండనం. ప్రత్యయమనేది ఒకనాడు స్వతంత్రంగా జీవించిన చిన్న పదమే అని బాప్ నిశ్చయం.

లండన్, బెర్లిన్

బవేరియా ప్రభుత్వపు ఆర్థిక సహాయంతో బాప్ లండన్ వెళ్లి 1820 వరకు అక్కడ ఉన్నాడు. విల్కిన్స్, కోల్‌బ్రూక్ వంటి ప్రసిద్ధులతో పరిచయం కలిగింది. ప్రష్యా రాయబారిగా ఆ నగరంలో ఉన్న విల్‌హెల్మ్ హుంబోల్ట్ ఆయన వద్ద సంస్కృతం చదువుకున్నాడు. 1819లో నలోపాఖ్యానాన్ని లాటిన్ అనువాదంతో బాప్ ప్రకటించాడు. యూరపు విద్యార్థులకు చాలాకాలం అదే తొలి సంస్కృత పాఠ్యగ్రంథం. 1820లో తన 1816 నాటి వాదాన్ని సవరించి, విస్తరించి ఆంగ్లంలో ప్రకటించాడు.

స్వదేశంలో వ్యూర్ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో ఆయనకు స్థానం కల్పించే ప్రయత్నం ఫలించలేదు. హుంబోల్ట్ సిఫారసుతో 1821లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో నియుక్తుడై, 1825లో పూర్ణాచార్య పదవిని పొందాడు. మరణపర్యంతం ఆయన కార్యక్షేత్రం బెర్లినే. సంస్కృత వ్యాకరణాన్ని 1827లో జర్మన్‌లోను, 1832లో లాటిన్‌లోను, 1834లో సంగ్రహంగా మరల జర్మన్‌లోను వెలువరించాడు. 1830లో సంస్కృత పదకోశం వచ్చింది. పోట్, కూన్, మాక్స్ ముల్లర్ వంటి వారు ఆయన వద్ద పాఠాలు విన్నారు.

సర్వనామాలు, ఉపసర్గలు, నిపాతాలు

బెర్లిన్ పండితపరిషత్తులో బాప్ సమర్పించిన వ్యాసాలలో 1830 నాటిది ఒకటి ప్రత్యేకంగా అల్పాక్షర పదాలను గూర్చినదే. నిర్దేశక సర్వనామాలకూ, ఉపసర్గ సముచ్చయాది పదాలకూ గల సంబంధం అందులోని విషయం. క్రియను తెలిపే ధాతువులు ఒక వర్గం, నిర్దేశాన్ని తెలిపే సర్వనామ మూలాలు మరొక వర్గం అని ఆయన విభజించాడు. ఉపసర్గలు, నిపాతాలు రెండవ వర్గం నుండి పుట్టినవని ఆయన అభిప్రాయం. ఉపసర్గలకు స్వతంత్రార్థం లేదన్న శాకటాయన మతాన్నీ, ఉన్నదన్న గార్గ్య మతాన్నీ యాస్కుని నిరుక్తంలో చదివినవారికి ఈ ప్రశ్న ఎంత ప్రాచీనమో విదితమే.

1833 నుండి 1852 వరకు ఆరు భాగాలుగా వెలువడిన ఆయన మహాగ్రంథం, తులనాత్మక వ్యాకరణం, ఈ పరిశోధనలన్నింటికి సమాహారం. సంస్కృతం, అవెస్తా భాష, గ్రీకు, లాటిన్, లిథుయేనియన్, గోథిక్, జర్మన్ భాషలతో ప్రారంభమై, రెండవ భాగం నుండి ప్రాచీన స్లావికాన్ని కూడా అది చేర్చుకొన్నది. ఈ భాషల సామగ్రిని చూస్తే చిన్న పదాల బాంధవ్యం స్పష్టమవుతుంది. సంస్కృతంలో సః, సా, తత్. గ్రీకులో హో, హే, తో. గోథిక్‌లో స, సో, థత. పుంస్త్రీలింగ ప్రథమైకవచనాలలో మాత్రమే సకారం, తక్కిన చోట్ల తకారం అనే విలక్షణత మూడింటిలోను సమానం. జర్మన్ భాషలోని దాస్, ఆంగ్లంలోని ద ఈ తకారపు సంతతివే. కః అను ప్రశ్నార్థకానికి లాటిన్‌లో క్విస్, గోథిక్‌లో హ్వస్, లిథుయేనియన్‌లో కస్ బంధువులు. ఉపసర్గలలో ప్రకు గ్రీకు, లాటిన్ భాషలలో ప్రొ, పరికి గ్రీకులో పెరి, అపకు గ్రీకులో అపొ, ఆంగ్లంలో ఆఫ్ సమానాలు. నిషేధార్థకమైన న లాటిన్‌లో నె, గోథిక్‌లో ని. ఒక్కటియును కాదు అనే అర్థంలో ఈ నిషేధం ఏక వాచకంతో కలిసినందువల్లనే లాటిన్‌లో నోన్, జర్మన్‌లో నైన్ పుట్టాయి.

ఈ పద్ధతితోనే 1838లో బాప్ కెల్టిక భాషల స్థానాన్ని విచారించాడు. ఐర్లండ్, వేల్స్ భాషలలో పదాది హల్లు సందర్భాన్ని బట్టి మారుతుంది. ముందున్న పదం చివర లుప్తమైన ధ్వనుల ప్రభావమే ఆ మార్పుకు కారణమని చూపి, ఆ భాషలు ఈ కుటుంబానికే చెందినవని సమర్థించాడు. 1855లో ప్రకటితమైన వ్యాసంలో అల్బేనియన్ భాషను కూడా ఈ కుటుంబంలో చేర్చాడు. ఈ రెండు నిర్ణయాలు నేటికీ స్థిరంగా నిలిచి ఉన్నాయి.

ప్రమాదాలు

బాప్ నిర్ణయాలన్నీ నిలువలేదు. 1841లో మలయ–పాలినేషియన్ భాషలను, 1847లో జార్జియన్ భాషను ఆయన ఈ కుటుంబంతో కలిపాడు. ఆ రెండు ప్రతిపాదనలను పరిశోధకలోకం త్రోసిపుచ్చింది. సంస్కృతంలో భూతకాలాన్ని తెలిపే అడాగమం నిషేధార్థకమైన అకారమే అని ఆయన మొదట భావించాడు. ఇప్పుడు లేదు గనుక గతించినది అని ఆయన తర్కం. లాటిన్ కర్మణి రూపాలలోని రేఫ ఆత్మార్థక సర్వనామమైన సె నుండి వచ్చిందన్నాడు. 1908లో తొఖారియన్ లిపిగ్రంథాలు, 1915లో హిట్టైట్ ఫలకాలు అర్థమైన తరువాత ఆ రేఫ మూలభాషలోనే ఉన్నదని తేలింది. ఆఖ్యాతమంతటా అస్ దాగి ఉన్నదన్న వాదం కూడా అధికభాగం సడలిపోయింది. అయితే లాటిన్‌లోని బమ్ ప్రత్యయం భూ ధాతు సంబంధి అన్న ఆయన నిర్ణయానికి మాత్రం నేటికీ మన్నన ఉంది.

ఈ జయాపజయాలను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక నియమం కనిపిస్తుంది. ఒక అక్షరం గల పదం మరొక భాషలోని ఒక అక్షరం గల పదాన్ని పోలి ఉండడం అతిసులభం. పారసీకంలో బద్ అన్నా, ఆంగ్లంలో బ్యాడ్ అన్నా చెడ్డది అనే అర్థం. అయినా వాటికి ఏ బాంధవ్యమూ లేదు. అస్మి మొదలు సంతి వరకు గల రూపావళి మొత్తం, సః సా తత్ అనే విలక్షణత మొత్తం, మరొక భాషలో అదే క్రమంలో పునరావృతం కావడం మాత్రం కాకతాళీయంగా జరుగదు. రూపావళిని అనుసరించినచోట బాప్ గెలిచాడు. రూపావళిని విడిచి ఒంటరి అక్షరాన్ని నమ్మినచోట తడబడ్డాడు.

చకారం చెప్పిన సాక్ష్యం

సంస్కృతం ఈ కుటుంబానికి జనని అని బాప్ భావించలేదు. సోదరభాషలలో ప్రాచీనరూపాలను ఎక్కువగా నిలుపుకొన్నది అదే అని ఆయన మతం. అయినప్పటికీ అచ్చుల విషయంలో సంస్కృతంలోని అకారమే మూలమనీ, గ్రీకు లాటిన్ భాషలలోని ఎకార ఒకారాలు తరువాత చీలినవనీ ఆ కాలపు పండితుల నమ్మకం. ఆయన మరణానంతరం, 1875–1880 మధ్యకాలంలో పలువురు పరిశోధకులు విడివిడిగా ఈ నమ్మకాన్ని సవరించారు. అందుకు ప్రబల సాక్ష్యాలలో ఒకటి చ అనే నిపాతం. దానికి లాటిన్‌లో క్వె, గ్రీకులో తె, గోథిక్‌లో హకారం సమానాలు. లాటిన్ క్వకు సంస్కృతంలో కః పదంలో వలె కకారం ఉండవలెను. ఇక్కడ చకారం ఎందుకు వచ్చింది? తాలవ్యమైన అచ్చు పరంగా ఉన్నందువల్లనే కకారం చకారమైనదని సమాధానం. అనగా ఈ పదంలో మొదట ఉన్నది ఎకారం. ఆ ఎకారం తరువాత అకారంగా మారింది, కాని అది కలిగించిన తాలవ్యత్వం మాత్రం హల్లులో నిలిచిపోయింది. ఇట్లు అచ్చుల విషయంలో సంస్కృతం కంటె గ్రీకు, లాటిన్ భాషలే ప్రాచీనస్థితిని కాపాడాయని ఒక ఏకాక్షర పదం నిరూపించింది. బాప్ అభిప్రాయాన్ని సవరించినది బాప్ నేర్పిన పద్ధతే.

ద్రావిడ భాషాపరిశోధనతో సంబంధం

బాప్ తొలి గ్రంథం వెలువడిన 1816లోనే మద్రాసులో కేంబెల్ తెలుగు వ్యాకరణం అచ్చయింది. దానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ జోడించిన వ్యాసంలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే మూలానికి చెందినవనీ, అవి సంస్కృతజన్యాలు కావనీ మొదటిసారిగా నిరూపితమైంది. మామిడి వెంకయ్య చేసిన తత్సమ తద్భవ దేశ్య విచారణను కూడా ఎల్లిస్ అందులో వినియోగించుకొన్నాడు. ఒకరి కృషి మరొకరికి తెలిసిన జాడ లేకున్నను ఇద్దరి మార్గాలూ ఒక్కచోటనే కలుస్తాయి. తెలుగులో తత్సమాలు అపారం. కాని నేను నన్ను, నీవు నిన్ను, ఎవరు ఏమి, కాదు లేదు వంటి పదాలు దేశ్యాలు. నీవుకు తమిళంలో నీ, కన్నడంలో నీను బంధువులు. అరువు వచ్చిన పదరాశి ఎంత పెరిగినా భాష తన వంశాన్ని ఈ చిన్న పదాలలో, వాటి రూపావళిలో పదిలపరచుకొంటుంది. 1856లో కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రకటించేనాటికి ఈ శాస్త్రమార్గం సుప్రతిష్ఠితమై ఉన్నది.

చరమదశ

1857–1861 సంవత్సరాలలో తులనాత్మక వ్యాకరణం రెండవ కూర్పు ఆర్మేనియన్ భాషావిషయాలతో పరివర్ధితమై వెలువడింది. అంతకు ముందే ఆంగ్లంలోకి అనువాదమైన ఆ గ్రంథాన్ని 1866 నుండి మిషెల్ బ్రెయాల్ ఫ్రెంచి భాషలోకి తెచ్చాడు. తొలి గ్రంథానికి ఏబది సంవత్సరాలు నిండిన సందర్భంగా 1866 మే 16న విద్వాంసులు బాప్ పేరిట ఒక నిధిని ఏర్పాటు చేసి, సంస్కృత, తులనాత్మక వ్యాకరణ పరిశోధనకు వినియోగపరచారు. మరుసటి సంవత్సరం, 1867 అక్టోబరు 23న, ఆయన బెర్లిన్‌లో దివంగతుడైనాడు.

ఆయన ప్రతిపాదించిన వ్యుత్పత్తులలో కొన్ని శిథిలమైనవి. అస్తి, ఎస్తి, ఎస్ట్, ఇస్ట్ అనే వరుసలో ఆయన చూపిన బాంధవ్యం మాత్రం చెక్కుచెదరలేదు. నిపాతాలను, అవ్యయాలను, సర్వనామాలను గణాలుగా ఏర్పరచి అక్షరమాత్రకు కూడా శాస్త్రంలో స్థానమిచ్చిన భారతీయ వైయాకరణుల దృష్టి యూరపు భాషాపరిశోధనకు అందినది ప్రధానంగా బాప్ గ్రంథాల ద్వారానే అనడం సముచితం.